స్కోరు పక్కన వయసు కూడా చదవాలి

(హనుమకొండలో ఆశా కార్యకర్తలు, నర్సులు, ఫిజియోథెరపీ విద్యార్థులు, తలకు దెబ్బ తగిలినవాళ్ల కుటుంబసభ్యుల ముందు ఒక న్యూరో ఐసీయూ డాక్టర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పొద్దున్నే పరకాల నుంచి, నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు, కాబట్టి సుత్తి లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

నేను పనిచేసేది తలకు దెబ్బ తగిలినవాళ్లు ఉండే ఐసీయూలో. నేను తలుపు తీసుకుని బయటికి రాగానే బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "సారూ, సోయి వచ్చిందా?" సోయి అంటే స్పృహ. దానికి మేం చాలాసార్లు స్పృహ ఎంత ఉందో కొలిచే ఒక అంకె చెప్తాం. "నిన్న ఏడు ఉండె, ఇయ్యాల తొమ్మిది ఉంది" అంటాం. వాళ్లు ఆ తొమ్మిదిని పట్టుకుని చుట్టాలకు ఫోన్లు చేస్తారు, మనసులో లెక్కలు వేసుకుంటారు, పట్నం తీసుకుపోవాలా ఇక్కడే ఉంచాలా అని మాట్లాడుకుంటారు. కానీ ఆ తొమ్మిది రెండేళ్ల పిల్లదైతే ఒక అర్థం, ఇరవై ఐదేళ్ల పిలగాడిదైతే ఇంకో అర్థం, డెబ్బై ఎనిమిదేళ్ల తాతదైతే మరో అర్థం. ఈ సంగతి బెంచీ మీద ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. ఒక్కోసారి మా షీట్లో రాసేవాళ్లకు కూడా గుర్తుండదు. నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయం ఇది, అందుకే పిలవగానే వస్తానన్నాను.

ముందు ఆ అంకె ఎక్కడిదో చూద్దాం. 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు దీన్ని తయారుచేశారు, అందుకే దీన్ని గ్లాస్గో స్కేలు అంటాం. అంతకుముందు ఒక డాక్టర్ "మగతగా ఉన్నాడు" అని రాస్తే, డ్యూటీ మారాక వచ్చినాయన "సగం స్పృహ" అని రాసేవాడు, రోగి బాగుపడుతున్నాడో కిందికి పోతున్నాడో తెలిసేది కాదు. వీళ్లు ఏమన్నారంటే, మీకేమనిపిస్తుందో రాయకండి, కంటికి కనిపించేది రాయండి అన్నారు. కళ్లు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6. అన్నీ బాగుంటే 15, ఏమీ లేకపోతే 3. సున్నా ఉండదు. 13 నుంచి 15 వరకు తేలిక గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 అంతకన్నా తక్కువైతే తీవ్రం అని స్థూలంగా లెక్క. పిలుస్తాం, పలకకపోతే గోరు మీద పెన్నుతో ఒత్తుతాం, భుజం కండ గట్టిగా గిచ్చుతాం, కనుబొమ్మ కింద ఎముక మీద నొక్కుతాం. ఆ గిచ్చుడు చూసి తట్టుకోలేక ఏడ్చే ఆడపడుచులున్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ నొక్కినప్పుడు ఆయన చెయ్యి మా చెయ్యి దాకా వచ్చి తోసేసిందా, ఊరికే వెనక్కి లాక్కున్నాడా, కట్టెలా బిగుసుకుందా అన్నదాంట్లోనే 5కీ 4కీ 2కీ తేడా ఉంది, అది చూడాల్సిందే.

యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారంటే ఈ స్కేలు మంచిదే. దానికి నేను వ్యతిరేకం కాదు. అయితే ఈ పరీక్ష ఒక నడివయసు మనిషిని మనసులో పెట్టుకుని రాసింది. ఆ మనిషికి చెవులు వినపడతాయి, కళ్లు కనపడతాయి, పరీక్ష చేసేవాళ్ల భాష వస్తుంది, దెబ్బ తగలకముందు తారీకు, ఊరు, పేరు అన్నీ తెలుసు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అలాంటివాళ్లు ఎంతమంది? చంటిపిల్లకు ఇంకా మాటలే రాలేదు. ముసలాయనకు చెవుడు వచ్చి పదేళ్లయింది.

పెద్దవాళ్లతో మొదలుపెడతాను, ఎక్కువసేపు అక్కడే ఉంటాను, ఎందుకంటే ఎక్కువ మోసపోయేది అక్కడే.

తలకు దెబ్బ అనగానే మనకు హైవే గుర్తొస్తుంది, నూట అరవై మూడో నంబరు జాతీయ రహదారి, బైకు, లారీ. నిజమే, ఒక్క 2022లోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. కానీ డెబ్బై దాటినవాళ్లకు తలకాయ పగలడానికి లారీ అక్కర్లేదు. బాత్రూంలో సబ్బునీళ్లు చాలు, రాత్రి లేచినప్పుడు గడప చాలు, నవారు మంచం మీంచి దిగేటప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరిగితే చాలు. ఎత్తు నుంచి పడలేదు కదా అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఆయన కూడా లేచి కూర్చుని "ఏం కాలే బిడ్డా, చాయ్ పొయ్యి" అంటాడు. స్కోరు వేస్తే 15కి 15.

ఇక్కడ లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. పచ్చి పల్లికాయ ఒలిస్తే గింజ తొక్కకు ఆనుకుని నిండుగా ఉంటుంది, అదే ఎండినాక ఊపితే లోపల గలగలమంటుంది. వయసుతో పాటు మెదడు కూడా కొంచెం కుంచించుకుపోయి, పుర్రెకూ మెదడుకూ మధ్య జాగా పెరుగుతుంది. ఆ జాగాలో మెదడు నుంచి పైపొరకు పోయే సన్నటి రక్తనాళాలు లాగినట్టు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. తెగితే రక్తం కారుతుంది, కానీ జాగా ఉంది కాబట్టి మెదడు మీద వెంటనే ఒత్తిడి పడదు. ఒత్తిడి లేదు కాబట్టి సోయి తగ్గదు. సోయి తగ్గలేదు కాబట్టి స్కోరు బాగుంటుంది. పిలగాడికి అంతే రక్తం చేరితే వాడు ఎప్పుడో కోమాలోకి పోయేవాడు, తాత మాత్రం మనతో మాట్లాడుతూనే ఉంటాడు. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. బ్రిటన్‌లో ట్రామా రోగుల లెక్కలన్నీ ఒకచోట చేర్చే రిజిస్ట్రీ నుంచి 2015లో వచ్చిన పరిశీలన కూడా ఇదే చెప్పింది. ఒకే స్థాయి మెదడు గాయానికి, 65 దాటినవాళ్ల స్కోరు చిన్నవాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తుందని. అంటే పెద్దవాళ్లలో మంచి స్కోరు చూసి గాయం చిన్నదనుకుంటే మోసపోయినట్టే. 2001లో కెనడావాళ్లు తలకు దెబ్బ తగిలి కాసేపు సోయి తప్పినవాళ్లలో ఎవరికి స్కాన్ తీయాలో నియమాలు రాసినప్పుడు, 65 ఏళ్లు నిండితే చాలు, అదొక్కటే స్కాన్‌కు కారణం అని పెట్టారు. వయసే ఒక లక్షణం అన్నమాట.

దానికి తోడు మందులు. గుండెకు స్టెంట్ వేసుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు రక్తం పలచబడే గోలీలు వేసుకుంటూనే ఉంటారు. గోలీ పేరు వాళ్లకు తెలియదు, "ఎర్ర డబ్బాలది", "రాత్రిపూటది" అంటారు. ఆశా అక్కలూ, మీరు ఇళ్లకు పోయినప్పుడు ఆ స్ట్రిప్పు ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో పెట్టండి. పడిన రోజు ఆ ఫోటో మాకు అన్నిటికన్నా ముందు కావాలి.

ఒక తాత సంగతి చెప్తాను. ఊరు, పేరు అక్కర్లేదు. బాత్రూంలో జారి వెనక్కి పడ్డాడు, బొప్పి కట్టింది, ఇంట్లోవాళ్లు పసుపు పెట్టారు, దగ్గర్లోని డాక్టర్ బీపీ చూసి మాట్లాడించి, బాగానే ఉన్నాడని పంపించాడు. స్టెంట్ గోలీ నడుస్తోంది, ఎవరూ అడగలేదు. రెండు మూడు వారాలు పోయాక ఆయన ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ చెప్పు వాకిట్లో వదిలేసి వస్తున్నాడు, వదిలేసిన సంగతి కూడా తెలియట్లేదు. కోడలు గమనించి చెప్తే, "వయసు మీద పడ్డది, ఇంకేముంది" అన్నారు. తర్వాత పగలు కూడా పడుకోవడం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చోవడం. అప్పుడు తీసుకొచ్చారు. స్కాన్‌లో కుడివైపు పాత రక్తం పేరుకుని మెదడును ఒక పక్కకు నెట్టేసింది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు చేసి తీశాం, మళ్లీ మాట కలిసింది, చెప్పు వేసుకుని ఇంటికి పోయాడు. నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, ఆ కోడలు గమనించిన చెప్పు మా పదిహేను మార్కుల స్కేలులో ఎక్కడా లేదు. వారాల తర్వాత వచ్చే ఈ రకం రక్తస్రావం పెద్దవాళ్లలో మామూలే. తల దెబ్బ తగిలిన ముసలివాళ్లను నెల రెండు నెలల దాకా గమనిస్తూనే ఉండాలి. నడక మారిందా, నిద్ర పెరిగిందా, మాట తడబడుతోందా, కొత్తగా పక్కలో మూత్రం పోతోందా, తలనొప్పి అంటున్నాడా, ఇవన్నీ చూడాలి.

ఇప్పటిదాకా చెప్పింది స్కోరు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపించే సంగతి. దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి కూడా ఉంది, అది నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. పెద్దవాళ్లకు సోయి ఉండి కూడా లేనట్టు స్కోరు పడుతుంది.

చెవి మిషన్ తీసి ఇంట్లో పెట్టి వస్తారు, పోతుందేమోనని. కళ్లద్దాలు కొడుకు జేబులో ఉంటాయి. కట్టుడు పళ్లు తీసేస్తాం, తీయకపోతే గొంతులోకి పోతాయి కాబట్టి తీయాల్సిందే, కానీ పళ్లు లేకుండా ఆయన మాట్లాడితే నర్సుకు అర్థం కాక "శబ్దాలు మాత్రమే" అని రెండు మార్కులు వేస్తుంది. మోకాళ్లు, భుజాలు అరిగిపోయినవాళ్లను చెయ్యి పైకెత్తమంటే ఎత్తరు, నొప్పి. పాత పక్షవాతం ఉన్న చేతిని గిచ్చి కదలట్లేదంటే ఎట్లా? కంటిపాప కూడా అంతే. వయసుతో పాపలు చిన్నవవుతాయి, మోతిబిందు ఆపరేషన్ అయిన కన్నులో పాప ఆకారమే మారి ఉండొచ్చు, నీటికాసులకు వేసే కొన్ని చుక్కలకు పాప సూదిమొనంత అవుతుంది. టార్చి వేసి చూసే డాక్టర్‌కు ఇది ముందే చెప్తే మంచిది.

భాష సంగతి చెప్పకుండా ఈ జిల్లాల్లో దీని గురించి మాట్లాడలేం. మహబూబాబాద్ వైపు ఒక తండా నుంచి వచ్చిన అవ్వ. అవ్వ వయసువాళ్లకు ఇంట్లో, పొలంలో అంతా లంబాడా మాటే, తెలుగు సంతకు పోయినప్పుడు అవసరానికి వాడేది. దెబ్బ తగిలినప్పుడు అలా అవసరానికి నేర్చుకున్న మాట ముందు పోవచ్చు. షీట్ మీద కళ్లు 3, మాట 2, కదలిక 5, మొత్తం 10 అని ఉంది. "అవ్వా, చెయ్యి లేపు" అంటే లేపట్లేదు, ఏదో గొణుగుతోంది. కూతురు బయట ఉంటే లోపలికి పిలిచాం. ఆమె మంచం పక్కన వంగి "యాడీ" అని పిలిచి తమ మాటలో ఏదో చెప్పింది. అవ్వ కళ్లు తెరిచి, తిరిగి ఒక మాట అని, కుడిచెయ్యి కొంచెం లేపి కూతురి చెంప మీద పెట్టింది. ఏమందని అడిగితే, "ఎప్పుడొచ్చినవ్, గొడ్లకు నీళ్లు పెట్టినవా అంటుంది సార్" అంది. ఎక్కడున్నదో ఆమెకు తెలియట్లేదు, కొంచెం అయోమయం ఉంది, కాబట్టి మాటకు 4. కదలిక 6. పదో స్కోరు పదమూడైంది, మధ్యస్థం అనుకున్న గాయం తేలిక గాయాల వరుసలోకి వచ్చింది. మధ్యలో మందు ఏదీ ఇవ్వలేదు. ములుగు, ఏటూరునాగారం వైపు కోయ పెద్దవాళ్లతో, ఆదిలాబాద్ వైపు గోండు పెద్దవాళ్లతో కూడా ఇదే. అదే ఇంట్లో మనవడు కాలేజీకి పోతాడు, వాడికి తెలుగు, హిందీ అన్నీ వస్తాయి, వాడి స్కోరుకు ఈ సమస్య లేదు. అందుకే భాష సమస్య కూడా మన దగ్గర వయసు సమస్యే.

ఇంకోటి, "ఇది ఏ నెల?" అని అడుగుతాం కదా. అక్టోబరు అనాలి. ఒక పెద్దాయన "బతుకమ్మ అయిపాయె, దీపావళి ఇంక రాలే" అన్నాడు. ఇంతకన్నా సరైన జవాబు ఏముంది? ఆయనకు పూర్తి మార్కులు వేయాలి. తారీకు అడిగి తప్పు పట్టకుండా, ఎవరి లెక్కలో వాళ్లను అడగాలి. పత్తి ఏరుడు అయిందా, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజులేనా అని అడిగితే రైతు మెదడు ఎట్లా ఉందో తెలిసిపోతుంది.

మతిమరుపు జబ్బు ముందు నుంచే ఉన్నవాళ్ల సంగతి చెప్పాలి. వాళ్లకు మామూలు రోజున వేసినా 14 వస్తుంది. అలాంటివాళ్లకు దెబ్బ తర్వాత 14 వస్తే అది పడిపోయినట్టు కాదు, 13 వస్తే మాత్రం పడిపోయినట్టే. నిన్నటి మనిషి ఎట్లా ఉన్నాడో తెలియకుండా ఈరోజు స్కోరుకు అర్థం లేదు, ఆ నిన్న మీకే తెలుసు, మాకు తెలియదు. అలాగే ఐసీయూలో ఉన్న ముసలాయన పగలంతా మందకొడిగా పడుకుని ఉంటే అది మెదడు గాయమే అనుకోకూడదు. బీపీ గోలీలతో సోడియం తగ్గి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, నిద్ర మందు చిన్నవాళ్లకు దిగిపోయినంత తొందరగా వాళ్లకు దిగదు, పైకి కనిపించని ఫిట్స్ లోపల నడుస్తూ ఉండొచ్చు, దానికి మెదడులోని కరెంటు అలలు చూసే ఈఈజీ పరీక్ష తీయాలి. వీటిలో చాలావాటికి మందుంది.

ఇక పిల్లలు. రెండేళ్లలోపు పిల్లకు పేరు చెప్పమంటే చెప్పదు కదా, అందుకని వాళ్లకు మాట మార్కులు వేరుగా పెట్టారు. ఊ కొడుతూ, తనలో తాను కబుర్లు చెప్పుకుంటుంటే 5, చిరాకుగా ఏడుస్తుంటే 4, నొక్కినప్పుడే ఏడిస్తే 3, మూలిగితే 2. వినడానికి బాగుంది, కానీ మాస్కు వేసుకుని, చేతిలో సూది పట్టుకున్న కొత్త మనిషిని చూసి తొమ్మిది నెలల పిల్ల ఏడవకపోతేనే నాకు భయం. కాబట్టి ఏడుస్తోందా అని కాదు, తల్లి ఎత్తుకుంటే ఊరుకుంటోందా అని చూడాలి. అమ్మ భుజం మీద ఊరుకుని, మెల్లగా ఒక కన్నుతో నన్ను చూసే పిల్ల మంచి స్థితిలో ఉన్నట్టు. అమ్మమ్మ ఎత్తుకున్నా, పాలు పట్టినా ఊరుకోని ఏడుపు, లేదా అసలు ఎవరు ఎత్తుకున్నా పట్టనట్టు ఉండటం, రెండూ చెడ్డవే. అందుకే పిల్లను తల్లి ఒళ్లోంచి లాక్కుని పరీక్షించకండి అని మా జూనియర్లకు చెప్తుంటాను, సగం పరీక్ష ఆ ఒళ్లోనే ఉంది.

అమెరికాలో 2009లో 42,412 మంది పిల్లల వివరాలు చూసి, ఏ పిల్లకు స్కాన్ అవసరం, ఏ పిల్లకు అవసరం లేదు అని ఒక నియమం తయారుచేశారు. అందులో వయసును రెండుగా విడగొట్టారు, రెండేళ్లలోపు, ఆపైన. రెండేళ్లలోపు పిల్లల జాబితాలో ఒక అంశం నాకు చాలా ఇష్టం. "తల్లిదండ్రుల మాట ప్రకారం పిల్ల మామూలుగా లేదు." చూడండి, తల్లి మాటకు అంత బరువు ఇచ్చారు. మన దగ్గర తల్లి "సార్, ఇది ఎప్పుడూ ఇట్లుండదు" అంటే, "నీకేం తెలుసు, ఆగమ్మా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు, అది పోవాలి. అదే నియమంలో రెండేళ్లలోపు పిల్ల మూడడుగుల కన్నా ఎత్తు నుంచి పడితే తీవ్రమైన దెబ్బ కిందే లెక్కేయమన్నారు, పెద్ద పిల్లలకైతే ఐదడుగులు. చాలామంది ఇళ్లలో దివాన్ మంచం, వంటింటి గట్టు ఎంత ఎత్తుంటాయో కొలిచి చూసుకోండి. చంటిపిల్లకు మాడు ఇంకా పూడదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే మాడు ఉబ్బుతుంది, అది వేలికి తెలుస్తుంది, ఏడుపు ఆపి కూర్చోబెట్టినప్పుడు చూడాలి. మూడు నాలుగేళ్ల పిల్లలైతే భయంతో మొండికేస్తారు, "చెయ్యి ఎత్తు నాన్నా" అంటే ఎత్తరు. తండ్రి ఫోన్‌లో వాళ్లకిష్టమైన బొమ్మల వీడియో పెట్టి చేతికి అందకుండా పట్టుకుంటే, ఆ చెయ్యి దానికోసం వస్తే, వాళ్లు మాట విన్నట్టే లెక్క.

యువకుల గురించి తొందరగా చెప్పేస్తాను. వాళ్ల విషయంలో మోసం చేసేది మందు వాసన. "తాగి ఉన్నాడు, పొద్దునకు దిగుతుంది" అని పడుకోబెడతారు. స్కోరు తగ్గి ఉంటే అది గాయం వల్లే అని ముందు అనుకుని స్కాన్ తీయాలి, తాగుడు లెక్క తర్వాత. ఇంకోటి, పుర్రె ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరే రకం యువకుల్లోనే ఎక్కువ, పెద్దవాళ్లలో ఆ పొర ఎముకకు గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి తక్కువ. ఈ రకంలో కాసేపు సోయి తప్పి, లేచి కూర్చుని మామూలుగా మాట్లాడి, గంటల్లోనే మళ్లీ కిందికి పోతాడు. ఆ మధ్యలో మాట్లాడిన గంట చూసి దోస్తులు ఇంటికి తీసుకుపోతారు. తీసుకుపోవద్దు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వస్తున్నాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరి ఇళ్లలో నెలల తరబడి కళ్లు తెరిచి ఉండి పలకని మనిషి ఉన్నారు, నాకు తెలుసు. వాళ్ల దగ్గర గ్లాస్గో స్కేలు పనికిరాదు, అది తొలిరోజులకు. దీర్ఘకాలం కోసం 2004లో వచ్చిన కోమా రికవరీ స్కేల్ ఉంది, ఆరు భాగాలు, మొత్తం 23 మార్కులు, వినికిడి, చూపు, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ అన్నీ విడివిడిగా చూస్తారు. అందులో చూపు పరీక్షకు అద్దం వాడతారు. ముఖానికి ఎదురుగా అద్దం పట్టి మెల్లగా ఒక పక్కకు జరుపుతాం. వేలు జరిపితే చూడని మనిషి, పెన్ను జరిపితే చూడని మనిషి, తన ముఖాన్ని చూసుకుంటూ కళ్లు తిప్పడం నేను చూశాను. సోయి తిరిగి వస్తోందని చెప్పే మొదటి గుర్తుల్లో అది ఒకటి. 2009లో బెల్జియంలో చేసిన పరిశీలనలో, చూసే వైద్యబృందమంతా కలిసి "ఇతనికి ఏ ఎరుకా లేదు" అని తేల్చినవాళ్లలో 41 శాతం మందికి ఈ స్కేలుతో చూస్తే కొంత ఎరుక ఉన్నట్టు తేలింది. వందలో నలభై మంది! ఒక్కసారి చూసి తేల్చకండి, కొద్ది రోజుల్లో కనీసం ఐదుసార్లు చూడండి అని 2017లో ఇంకో పరిశోధన చెప్పింది, ఎందుకంటే సోయి పొద్దున ఉండి సాయంత్రం ఉండకపోవచ్చు.

ఈ పరీక్షకు కూడా వయసు అడ్డం వస్తుంది. మోతిబిందు ముదిరిన కళ్లకు అద్దంలో ముఖం కనపడదు. పెద్దవాళ్లు తొందరగా అలసిపోతారు, పరీక్ష మొదటి భాగంలో ఉన్న ఓపిక చివరి భాగానికి ఉండదు. చిన్నపిల్లలకైతే సంభాషణ భాగం అసలు వర్తించదు, ఆరోగ్యంగా ఉన్న ఏడాది పిల్లకే అవునూ కాదూ అని నిలకడగా చెప్పడం రాదు కదా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు ఈ మనిషికి సోయి ఉందా లేదా అనేది ఒక ప్రశ్న. ముందు ముందు ఎంత కోలుకుంటాడు అనేది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నకు వయసు నిజంగానే ముఖ్యం, దాన్ని దాచి మీకు తీపి మాటలు చెప్పను. ఫలితాన్ని అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే సూత్రాల్లో స్కోరు, కంటిపాపలతో పాటు వయసు తప్పకుండా ఉంటుంది, ఎనభై ఏళ్లాయనకు ఇరవై ఏళ్లవాడికి ఉన్నంత అవకాశం లేదు. కానీ మొదటి ప్రశ్నకు జవాబు వెతకకముందే రెండో ప్రశ్న జవాబు చెప్పేస్తున్నాం. "ఎనభై ఏళ్లు, ఇంకేం చూస్తం" అని పరీక్షే సరిగ్గా చేయరు. చేయకపోతే ఎరుక కనపడదు, కనపడకపోతే ఫిజియోథెరపీ తగ్గిస్తారు, తగ్గిస్తే మనిషి నిజంగానే కిందికి పోతాడు, చివరికి "మేం ముందే చెప్పాం కదా" అంటారు. పరిశోధనల్లో కూడా పెద్దవాళ్లకు చోటు తక్కువ. సోయి తొందరగా రావడానికి అమాంటడీన్ అనే మందు ఉపయోగపడుతుందని 2012లో చూపించిన పరీక్షలో తీసుకున్నవాళ్లంతా 16 నుంచి 65 ఏళ్లలోపువాళ్లే. ఆపై వయసువాళ్లకు అది ఎట్లా పనిచేస్తుందో ఆ పరీక్ష చెప్పదు.

అమెరికన్ న్యూరాలజీ అకాడమీ 2018లో డాక్టర్లకు రాసిన సూచనల్లో, గాయమైన మొదటి 28 రోజుల్లో "ఇక లాభం లేదు" అనే అర్థం వచ్చేలా కుటుంబాలతో మాట్లాడొద్దని ఉంది. 2021లో అక్కడే వచ్చిన ఒక పరిశీలనలో, గాయమైన రెండు వారాలకు కళ్లు తెరిచి ఉన్నా ఏ ఎరుకా లేనివాళ్లలో, ఏడాది దాకా బతికి ఉన్నవాళ్లను చూస్తే 78 శాతం మందికి సోయి తిరిగి వచ్చింది. సోయి రావడమంటే మామూలు మనిషి కావడం అని కాదు, తానెవరు, ఎక్కడున్నాడు, ఏ రోజు అనేది తెలిసేదాకా వచ్చినవాళ్లు పాతిక శాతం మాత్రమే. రెండు అంకెలూ కలిపి చెప్తున్నాను, ఒకటే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

నర్సమ్మలకు ఒక విన్నపం. స్కోరు మొత్తం ఒక్కటే రాయకండి. కళ్లు, మాట, కదలిక మూడూ విడిగా రాసి, పక్కన ఒక ముక్క రాయండి. "చెవుడు ఉంది, మిషన్ లేదు." "లంబాడా మాటే వస్తుంది." "ఎడమచెయ్యి పాత పక్షవాతం." అర నిమిషం పని. తర్వాతి డ్యూటీవాళ్లకు, మాకు, పట్నం పంపిస్తే అక్కడివాళ్లకు ఆ ముక్కే దారి చూపిస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ, మీరు చెప్పండమ్మా.

(ముసలివాళ్లు పడినప్పుడు 108లో ఏం చెప్పాలని ఒక ఆశా కార్యకర్త అడిగారు.)

మంచి ప్రశ్న. పడినప్పుడు ఎవరైనా చూశారా, కాసేపైనా సోయి తప్పిందా, వాంతి అయిందా, ఏ గోలీలు వేసుకుంటాడు, ఇవి చెప్పండి. తర్వాత నిన్న ఎట్లా ఉన్నాడో చెప్పండి. తనంతట తాను నడిచేవాడా, మనవళ్ల పేర్లు చెప్పేవాడా, డబ్బు లెక్క చూసేవాడా. చెవి మిషన్, కళ్లద్దాలు ఒక కవర్లో వేసి చేతికివ్వండి. లంబాడా, కోయ, గోండు ఇళ్లలో అయితే ఆ మాట వచ్చే మనిషి ఒకరు తప్పకుండా వెంట ఎక్కాలి. ఎంత బాగా మాట్లాడుతున్నా సరే, 65 దాటి తల నేలకు తగిలితే డాక్టర్‌ను స్కాన్ అవసరమా అని అడగమనండి, అడగడంలో తప్పులేదు.

(తండ్రి రెండు నెలలుగా ఇంట్లో మంచం మీద పలకకుండా ఉన్నాడని, ఒక్కోసారి తనను చూస్తున్నట్టే అనిపిస్తుందని, అది తన భ్రమేమో ఎట్లా తెలుసుకోవాలని ఒక యువకుడు అడిగాడు.)

తమ్ముడూ, నీకు అనిపించేదాన్ని కొట్టిపారేయను. చాలాసార్లు ముందు చూసేది ఇంట్లోవాళ్లే. పొద్దున స్నానం చేయించి, కాసేపు విశ్రాంతి ఇచ్చి, మంచం తలవైపు ఎత్తు చేసి కూర్చోబెట్టు. టీవీ ఆపెయ్యి, గదిలో ఒక్కరే ఉండాలి. కళ్లద్దాలు పెట్టు. బాపు అని పిలిచి ఒకే ఒక్క పని చెప్పు, "నా చెయ్యి ఒత్తు" అన్నావంటే, చెప్పి పది పదిహేను సెకన్లు ఆగు, తొందరపెట్టకు, పెద్దవాళ్లకు జవాబు రావడానికి టైం పడుతుంది. మళ్లీ చెప్పు. చెప్పనప్పుడు కూడా ఒత్తుతున్నాడా అని చూడు, అప్పుడే అది మాట విని చేశాడో, ఊరికే చెయ్యి బిగిసిందో తెలుస్తుంది. తర్వాత గుండ్రటి అద్దం ఒకటి ముఖానికి ఎదురుగా పట్టి, మెల్లగా ఎడమకు, మెల్లగా కుడికి జరుపు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చెయ్యి, చేసిన టైం రాసుకో. అదంతా ఫోన్‌లో వీడియో తియ్యమని మీ అమ్మతో చెప్పు, ఆయన ముఖం, నీ చేతులు రెండూ ఒకే ఫ్రేములో కనపడాలి, లేకపోతే ఆ కదలిక ఎవరిదో మాకు తెలియదు. రివ్యూకు వచ్చేటప్పుడు ఆ వీడియోలు, రాసిన కాగితం, బాపు కళ్లద్దాలు, మూడూ తీసుకురా.